స్థానబలము: ఆంగ్ల వాక్యము నలవరచుకొను విధము

రాముడు రావణుని చంపెను అన్నను, రావణుని రాముడు చంపెను అన్నను, ఛందస్సు కొరకు కవి యొకడు చంపెను రావణుని రాముడు అని పదములను త్రిప్పి కూర్చినను, తెలుగు బిడ్డ యెవ్వడును చంపినవాడెవ్వడో చచ్చినవాడెవ్వడో తెలియక తికమకపడడు. ఏలయన ‘రావణుని’ అను పదము చివర నున్న ‘ని’ అను ప్రత్యయము, ఆ పదము నెక్కడికి కొనిపోయినను వెన్నంటి పోయి, ఇతడు కర్మయే గాని కర్త కాడని చాటుచునే యుండును. ఆంగ్లమున ‘రామ కిల్డ్ రావణ’ అను వాక్యములోని పేర్లు రెండింటిని తారుమారు చేసి ‘రావణ కిల్డ్ రామ’ అన్నచో, ఒక్క యక్షరమైనను కూడకయు తీయకయు రామాయణమంతయు తలక్రిందులగును. తెలుగు విభక్తిచేత చెప్పుదానిని ఆంగ్లము స్థానముచేత చెప్పును.

అంకెల విషయమున మన మీ ధర్మమును బాల్యముననే యెరుగుదుము. 12, 21 అను సంఖ్యలయందున్న అంకెలు రెండును ఒక్కటియే. ఒకటి యను అంకె పదుల స్థానమున నిలిచినచో పది, ఒకట్ల స్థానమున నిలిచినచో ఒకటి. ఆంగ్ల పదమును అట్టిదే. అది తన బలమును తాను నిలిచిన చోటునుండి పొందును. కావున ఆంగ్లము నేర్వగోరువాడు మాటలను మాత్రమే మూటగట్టుకొని, వానిని నిలుపవలసిన చోటులను నేర్వకుండిన యెడల, అంకెలన్నియు వచ్చి కూడిక రాని బాలునివలె నుండును.

నా యౌవనమున నేనట్లే యుంటిని. ఆంగ్ల దినపత్రిక చదివి భావము గ్రహింపగలిగిన నన్ను, ఒకనాడు రైలుపెట్టెలో ఎదుట కూర్చున్న పరరాష్ట్రపు పెద్దమనిషి యొకరు, నిన్న నెక్కడికి పోయితిరని ఆంగ్లమున ఆదరముతో అడిగిరి. నిన్న మా నాన్నగారితో విజయవాడకు పోయితినని తెలుగున మనస్సులో సిద్ధముగా నున్నది, మాటలన్నియు తెలిసినవే, అయినను ‘యెస్టర్డే’ అని ఆరంభించి, ‘మై ఫాదర్’ అని, ఆ పిమ్మట ‘విత్’ అనవలెనో ‘టు’ అనవలెనో, ‘వెంట్’ అనునది యెప్పుడు రావలెనో తోచక, నోరు పెగలక, తల వంచుకొంటిని. నాడు నాకు కొరవడినది పదసంపద కాదు, బుద్ధి యంతకన్న కాదు. తెలుగు వాక్యమును తెలుగు వరుసనే యుంచి దానికి ఆంగ్లపు మాటలు తొడుగ జూచితిని, అంతియే. ఇట్టి నిశ్శబ్దమును అనుభవించి, తమకు చదువు రాలేదని తమ్ము తాము నిందించుకొనువారు మన యూళ్లలో నెందరో కలరు. వారికొరకే ఈ అధ్యాయము.

భూతకాల క్రియ

మొదట భూతకాల క్రియను చూతము. ఏలయన మనుజుడు నోరు తెరచిన చెప్పునది చాలవరకు జరిగినదియే. తెలుగున చూచితిని, చూచితివి, చూచెను, చూచితిమి, చూచితిరి, చూచిరి అని కర్త ననుసరించి క్రియ రూపము మార్చుకొనుచుండును. ఆంగ్లమున వీనికన్నిటికి ‘సా’ అను నొక్క రూపమే చాలును. ‘వాజ్’, ‘వర్’ అనువానియందు తప్ప భూతకాలమున కర్తనుబట్టి మార్పు కానరాదు. ఈ సౌలభ్యమునకు వెల యొకటి కలదు. ‘చూచితిని’ అన్నచో ‘నేను’ అనకున్నను తెలియును. ‘సా’ అన్నచో చూచినదెవరో తెలియదు. అందుచేత ఆంగ్లమున కర్తను విడువరాదు. అది క్రియకు ముందు తన పీఠమున కూర్చుండియే తీరవలెను.

ధాతువునకు ‘ఎడ్’ చేర్చి భూతకాలము చేయునవి వేలకొలది. వీని యుచ్చారణమును మన వ్యాకరణ పరిభాషతోనే సుళువుగ గ్రహింపవచ్చును. క, ప, చ మొదలగు పరుషముల తరువాతను, స వంటి శ్వాసధ్వనుల తరువాతను ఆ ప్రత్యయము తానును పరుషమై ‘ట్’ అని వినబడును: ‘వాక్ట్’, ‘హెల్ప్ట్’. అచ్చులకు, సరళానునాసికాదులకు పిమ్మట ‘డ్’ అగును: ‘కాల్డ్’, ‘ఓపెన్డ్’. ధాతువు చివరనే టకార డకారములున్నచో ‘ఇడ్’ అని వేరొక అక్షరముగ పలుకును: ‘వెయిటిడ్’, ‘నీడిడ్’. ఇక నియమమునకు లొంగని క్రియలు తక్కువయే యైనను, నిత్యవ్యవహారమున మిక్కిలి వాడుకలో నున్నవి అవియే: ‘వెంట్’, ‘కేమ్’, ‘గేవ్’, ‘టుక్’, ‘సెడ్’, ‘సా’. వీనిని తర్కముచే సాధింప బూనుకొనక, ఎక్కములవలె కంఠస్థము చేయవలెను.

మనవారు తరచుగా జారిపడు చోటు వ్యతిరేకవాక్యము. ‘ఐ డిడ్ నాట్ సా హిమ్’ అందురు. భూతకాలమును ‘డిడ్’ అనునది వహించిన పిమ్మట అసలు క్రియ దానిని మరల మోయనక్కరలేదు గనుక ‘ఐ డిడ్ నాట్ సీ హిమ్’ అనవలెను. ఇది యేదో పరాయి విడ్డూర మనుకొనరాదు. నేను చూడలేదు, నీవు చూడలేదు, వారు చూడలేదు అను మన మాటలను పరికింపుడు. ‘లేదు’ అనునది కార్యభారము వహింపగా ‘చూడ’ అనునది కాలమును పురుషను విడిచి నిరాడంబరముగా నిలిచియున్నది గదా! తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినదే ఈ సూత్రము.

అయితే మన భాషా సౌందర్యమే యొకచోట మనకడ్డు వచ్చును. లేచి, స్నానము చేసి, అన్నము తిని, బడికి పోయితిని అని క్త్వార్థకములను పూసలవలె గ్రుచ్చి, చివర నొక్క సమాపకక్రియతో ముడివేయుట తెలుగు హొయలు. దానిని తెలుగు మోడిగనే ఆంగ్లమునకు తెచ్చి ప్రతి క్రియకు ముందు ‘హావింగ్’ అని తగిలించుచు పోయినచో వినువానికి ఊపిరాడదు. అచ్చట ప్రతి కార్యమును సమాపకక్రియయే: ‘ఐ గాట్ అప్, టుక్ ఎ బాత్, ఏట్ మై మీల్ అండ్ వెంట్ టు స్కూల్’. అట్లే నిన్న, మొన్న అని గడచిన కాలమును పేర్కొన్న వాక్యమున ‘హావ్ సీన్’ వంటి రూపమునకు చోటు లేదు. ‘ఐ సా హిమ్ యెస్టర్డే’ అనుటే ఒప్పు.

కర్మస్థానమున సర్వనామము

క్రియ వెంటనే నిలుచునది కర్మ. పేరునకు బదులు అచ్చట సర్వనామము వచ్చినచో ‘ఐ’ అనునది ‘మీ’ యగును, ‘వి’ అనునది ‘అస్’, ‘హి’ అనునది ‘హిమ్’, ‘షి’ అనునది ‘హర్’, ‘దే’ అనునది ‘దెమ్’ అగును. ‘యూ’, ‘ఇట్’ అనునవి మారవు. ఆంగ్లభాష పూర్వము విభక్తులు గల భాషయే. సుమారు వేయి సంవత్సరముల క్రిందట వానిని అనుటకు ‘హినె’ అనియు, వానికి అనుటకు ‘హిమ్’ అనియు వేర్వేరు రూపములుండెను. కాలక్రమమున మొదటిది నశించి రెండవది ఆ రెండర్థములను వహించెను. నామవాచకములు కర్మవిభక్తిని కోల్పోయినను, సర్వనామములు మాత్రము, పాడుపడిన కోటలో మిగిలిన బురుజులవలె, నాటి గుర్తులను నిలుపుకొన్నవి.

ఈ చరిత్ర తెలిసినచో మన కొక చిక్కు విడిపోవును. నన్ను చూచెను, నాకు ఇచ్చెను, నాతో చెప్పెను అని తెలుగున మూడు రూపములు. ఆంగ్లమున ‘సా మీ’, ‘గేవ్ మీ’, ‘టోల్డ్ మీ’ అని మూడుచోటులను ‘మీ’ ఒక్కటియే. ‘నాకు’ అనుదానిలో ‘కు’ కలదు గదా యని ‘గేవ్ టు మీ ఎ బుక్’ అనియు, ‘నాతో’ అనుదానిలో ‘తో’ కలదు గదా యని ‘టోల్డ్ విత్ మీ’ అనియు అనుట మన విభక్తులను వారి యింటికి మోసికొనిపోవుటయే. గ్రహీత క్రియ ప్రక్కనే యున్నచో ‘టు’ వంటి ఉపపద మక్కరలేదు: ‘హి గేవ్ మీ ఎ బుక్’. వస్తువు ముందు వచ్చి గ్రహీత వెనుకబడినచో వాని స్థానబలము తగ్గినది గనుక ‘టు’ అను ఊతకఱ్ఱ కావలయును: ‘హి గేవ్ ఎ బుక్ టు మీ’. ఆ వస్తువు ‘ఇట్’ అను సర్వనామమైనచో ఈ రెండవ మార్గమే వాడుక: ‘హి గేవ్ ఇట్ టు మీ’. కొనుట, చేయుట వంటి క్రియలకు ‘టు’ బదులు ‘ఫర్’ వచ్చును: ‘షి బాట్ మీ ఎ పెన్’, ‘షి బాట్ ఎ పెన్ ఫర్ మీ’. ‘సెడ్’, ‘ఎక్స్‌ప్లెయిన్డ్’ అనునవి ఊతకఱ్ఱ లేక గ్రహీతను చేరలేవు: ‘హి ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మీ’ అనవలెనే గాని ‘ఎక్స్‌ప్లెయిన్డ్ మీ’ అనరాదు.

నాకు ఆకలి వేసెను, నాకు జ్వరము వచ్చెను, నాకు ఆ పుస్తకము దొరకెను అను వాక్యముల తీరు వేరు. తెలుగువాడు ఆకలిని, జ్వరమును కర్తగ నిలిపి తాను ‘నాకు’ అని యొదిగి యుండును. ఆంగ్లమున అనుభవించువాడే కర్తయై ముందు నిలుచును: ‘ఐ వాజ్ హంగ్రీ’, ‘ఐ హాడ్ ఎ ఫీవర్’, ‘ఐ ఫౌండ్ ద బుక్’. ‘నాకు’ అని ఆరంభమగు తెలుగు వాక్యము మనస్సున మెదలినప్పుడెల్ల ఒక్క క్షణమాగి, ఇచ్చట అనుభవించువాడెవ్వడు అని ప్రశ్నించుకొనుట మంచి అలవాటు.

గౌరవమునుగూర్చి యొక మాట చెప్పవలెను. వాడు, అతడు, ఆయన, వారు అని మెట్లుమెట్లుగ మన్నన చూపు నలవాటుగల మనకు, తండ్రినిగూర్చి చెప్పుచు ‘హి’ అనుటకు, ‘హిమ్’ అనుటకు నోరు రాదు. అందుచేత ‘మై ఫాదర్ కేమ్, అండ్ ఐ టుక్ దెమ్ టు ద టెంపుల్’ అని బహువచనము వాడుదుము. వినువాడు నాన్నగారితో మరికొందరు వచ్చిరని తలచును. వానిని, అతనిని, ఆయనను అనువాని కన్నిటికి వారిభాషలో ‘హిమ్’ ఒక్కటియే గనుక అట్లనుటలో అగౌరవమేమియు లేదు. ఇట్లే మమ్మును, మనలను అను భేదము తెలుగున కలదు. ‘అస్’ అను నొక్క మాటలో ఆ రెండును ఇమిడిపోవును. తమ భాషలోని యీ సూక్ష్మభేదముల విలువ తెలిసినవాడు, అవి లేనిచోట వానిని వెదకి వేసారడు.

ముందు నిలుచు విభక్తులు

పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును బట్టి మనము బడిలో వల్లించిన విభక్తి ప్రత్యయములు చాలవరకు నామమునకు వెనుక వచ్చునవి; ఆంగ్లమున తత్సమానములైన ఉపపదములు ముందు వచ్చునవి. బల్ల మీద యనునది ‘ఆన్ ద టేబుల్’. గుడి వెనుక చెట్టు క్రింద అను మాటను ఆంగ్లమున చెప్పినచో ‘అండర్ ద ట్రీ బిహైండ్ ద టెంపుల్’ అని, తుదినుండి మొదటికి, అద్దమున ప్రతిబింబమువలె నగుపడును. కావున ఇట్టి పదబంధము ఆంగ్లమున పలుకదలచినవాడు తెలుగు మాట చివరినుండి నడచిరావలెను.

స్థానము తెలిసినను ఏ ఉపపదము వాడవలెనను శంక నిలిచియుండును. ఒక్క ‘కు’ వర్ణకమే తీసికొనుడు: నాలుగు గంటలకు అన్నచో ‘ఎట్’, గుంటూరునకు పోయెనన్నచో ‘టు’, తమ్మునికి కొనెనన్నచో ‘ఫర్’. కారులో అన్నచో ‘ఇన్’, బస్సులో అన్నచో ‘ఆన్’. ఆయనకు నా మీద కోపము వచ్చెననుటలో ‘మీద’ యున్నను ‘ఆన్ మీ’ కాదు, ‘హి వాజ్ యాంగ్రీ విత్ మీ’. కావున ఉపపదమును విడిగా నేర్చుట నిష్ఫలము. క్రియతోను నామముతోను కలిపి, విడదీయరాని జంటగ నేర్వవలెను.

కొన్ని క్రియలకు మన ప్రత్యయమును చూచి మోసపోయి లేని ఉపపదమును తగిలింతుము. గదిలోనికి ప్రవేశించెను గనుక ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’ అనియు, ఊరికి చేరెను గనుక ‘రీచ్ట్ టు ద విలేజ్’ అనియు, ఆ విషయమునుగురించి చర్చించిరి గనుక ‘డిస్కస్ట్ అబౌట్ ద మాటర్’ అనియు అందుము. ‘ఎంటర్డ్ ద రూమ్’, ‘రీచ్ట్ ద విలేజ్’, ‘డిస్కస్ట్ ద మాటర్’ అనుటే ఒప్పు. చిన్నయసూరి ‘గురించి’ అనుదానిని ద్వితీయా విభక్తిలోనే చేర్చెనని జ్ఞాపకముంచుకొన్నచో, విషయమునుగురించి చర్చించుట యన విషయమును చర్చించుటయే యని తోచి, ‘అబౌట్’ దానంతట జారిపోవును. ఇందుకు విలోమముగ, తెలుగున వట్టి కర్మయే చాలుచోట ఆంగ్లము ఉపపదమును కోరును: నా మాట వినెను అనుటకు ‘హి లిజన్డ్ టు మీ’, నన్ను తేరి చూచెను అనుటకు ‘హి లుక్ట్ ఎట్ మీ’. ఉపపదమునకు పిమ్మట వచ్చు సర్వనామము సర్వదా కర్మరూపముననే యుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వరుస. మన దస్తావేజులయందు జిల్లా, మండలము, గ్రామము అని పెద్దదానినుండి చిన్నదానికి దిగివత్తుము. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి అని కాలమునుగూడ నట్లే చెప్పుదుము. ఆంగ్లమున తెలుపునపుడు సామాన్యముగ చిన్నదానినుండి పెద్దదానికి ఎక్కుదురు: ‘ఎట్ ఫోర్ ఓ క్లాక్ ఆన్ మండే’, ‘ఇన్ ఎ విలేజ్ నియర్ తెనాలి’. తెలుగున కాలము వాక్యారంభమున నిలుచుట పరిపాటి. ఆంగ్లమున దేశము ముందు, కాలము తుది. ఈ వరుసలన్నియు కలిపిన వాక్యమిది: ‘ఐ మెట్ హిమ్ ఎట్ ద మార్కెట్ ఎట్ ఫోర్ ఓ క్లాక్ యెస్టర్డే’. ఎవరు, ఏమి చేసిరి, ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు అను నైదు ప్రశ్నలకు ఐదు స్థానములు. ఈ యైదు మెట్లు కాలికి అలవాటైనవాడు చీకటిలోనైనను తడబడడు.

అభ్యాసము

వాక్యమునందలి స్థానములను నిలిపియుంచి పదములను మాత్రము మార్చి మార్చి పలికించు పద్ధతికి హెరాల్డ్ పామర్ అను ఆంగ్ల భాషాబోధకుడు 1916లో ప్రకటించిన నూరు ప్రత్యామ్నాయ పట్టికలు ప్రసిద్ధములు. పామర్‌వలెనే జపాను దేశమున పనిచేసి అనుభవము గడించిన హార్న్‌బీ అను బోధకుడు, 1954లో వెలువరించిన తన గ్రంథమున ఆంగ్ల క్రియల నడకను ఇరువదియైదు మాదిరులుగ వర్గీకరించెను. మన హైదరాబాదులో 1958లో నెలకొని, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగ వర్ధిల్లుచున్న సంస్థ మొదట ఇట్టి ఆంగ్లబోధన కొరకే ఏర్పడినది. సూత్రము తెలిసినంత మాత్రమున మాట రాదు, మాదిరి వాక్యము వందసార్లు నాలుకపై నడచినపుడే వచ్చునని యా బోధకుల పట్టికలు మనకు చెప్పుచున్నవి.

మీరు చేయవలసినది యింతియే. తెల్ల కాగితముపై ఐదు నిలువు గళ్లు గీసి, మొదటి గడిలో కర్తలను, రెండవ గడిలో ‘సా’, ‘మెట్’, ‘కాల్డ్’, ‘హెల్ప్ట్’ వంటి క్రియలను, మూడవ గడిలో ‘మీ’, ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’ అను సర్వనామములను, నాలుగవ గడిలో స్థలమును, ఐదవ గడిలో కాలమును వ్రాసికొనుడు. గడి కొక మాట చొప్పున ఏరికొని, పెద్దగ, తొట్రుపడక, రోజు కిరువది వాక్యములు చదువుడు. మొదటి వారము అంతకుమించి యేమియు వలదు. రెండవ వారమున ఆ వాక్యములనే ‘డిడ్ నాట్’ చేర్చి వ్యతిరేకములుగను, ‘డిడ్’ ముందుంచి ప్రశ్నలుగను మార్చుడు. మూడవ వారమునుండి కాగితము మూసివేసి, రాత్రి నిదురించుటకు ముందు ఆనాడు జరిగిన పది సంగతులను పది వాక్యములలో మీకు మీరే చెప్పుకొనుడు: ఎవరిని కలిసితిరి, ఎవరు మిమ్ము పిలిచిరి, ఎవరికేమిచ్చితిరి. మొదట తెలుగు వాక్యము మనస్సున లేచుట సహజము, దానిని తరుమకుడు. అది లేచినపుడు దానినుండి కర్తను తీసి ముందుంచి, చివర నున్న క్రియను దాని ప్రక్కకు తెచ్చి నిలుపుడు. ఈ రెండు మాటలు నోట వెలువడినచో తక్కినవి వాని వెంట వరుసకట్టును.

తప్పు దొరలునను భయమున మౌనము దాల్చువారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితమును జ్ఞాపకము చేయవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్వగోరిన వారికి చేత బట్టుటకు పుస్తకము లేదు, ఆ భాషకు లిపియే లేదు. సవర తెలిసినవాని నొకనిని తమ యింట నుంచుకొని, విని, పలికి, దిద్దుకొని, మరల పలికి, ఆ భాషను స్వాధీనము చేసికొని, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. నిఘంటువు వ్రాసినవారుగూడ ఆరంభమున తప్పులు పలికియే యుందురు గదా! మనకు పుస్తకములు కలవు, చదువు చెప్పువారు కలరు, వినదలచిన వినవలసినన్ని మాటలు గాలిలోనే కలవు. కావలసినది నోరు తెరచుట మాత్రమే.

నాటి రైలుపెట్టె సంగతి నేను మరువలేదు. ఆ పెద్దమనిషి తల వంచుకొన్న నన్ను చూచి నవ్వలేదు. తన సంచినుండి ఒక పండు తీసి నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చుండెను. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్నకు బదులు కాగితముపై వ్రాసి, మాటలను కత్తిరించి, వరుస మార్చి మార్చి పేర్చుచుండగా, నడిరేయికి అవి తమ తమ చోటులలో కుదురుకొన్నవి: ‘ఐ వెంట్ టు విజయవాడ విత్ మై ఫాదర్ యెస్టర్డే’. ఎనిమిది మాటలు, అందులో నాకు తెలియనిది ఒక్కటియు లేదు. ఈ రాత్రి మీరును ఒక వాక్యము పేర్చి, గది తలుపు వేసికొనియైనను, పెద్దగ పలికి చూడుడు.